వెలుగు చాలకపోతే వ్యవధి పెంచండి

రాయ్‌పూర్‌లో ఉద్యోగం చేసుకునే మనిషికి హాబీ కోసం మిగిలేది రాత్రిపూటే. ఉర్లాలో షిఫ్టు దిగి వచ్చినా, పండ్రీలో బట్టల కొట్టు షట్టరు దించి వచ్చినా, డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టరుకు చేరుకున్నా, భోజనాలూ పిల్లల హోంవర్కూ అయ్యేసరికి తొమ్మిది దాటుతుంది. అప్పుడు బాల్కనీలో మొక్కల దగ్గరికి పోతాం. లేదా టేబుల్ లైటు వేసుకుని కుట్టుపని బయటికి తీస్తాం. దాన్నే వీడియో తీసి విజయనగరంలో ఉన్న అక్కకు చూపిద్దామనుకుంటే ఫోను తెర నిండా బురదరంగు, కదిలే చుక్కలు. "దీనికి పెద్ద కెమెరా కావాలిలే" అని ఫోను జేబులో పెట్టేస్తాం.

పెద్ద కెమెరా అక్కర్లేదు. వీడియో తీయాలన్న ఆలోచన మానుకుని టైమ్‌లాప్స్ తీస్తే, అంటే కాసేపటికో ఫొటో తీసి వాటిని వరుసగా వీడియోగా కలిపితే, సరిపోతుంది. తక్కువ వెలుతురులో వీడియో ఎంత చెడ్డగా వస్తుందో, టైమ్‌లాప్స్ అంత బాగా వస్తుంది.

ఇందులో మాయేమీ లేదు, చిన్న లెక్క. మామూలు వీడియోలో సెకనుకు 25 బొమ్మలు ఉంటాయి. ఒక్కో బొమ్మకు వెలుతురు పోగుచేసుకోవడానికి కెమెరాకు దొరికే గడువు సెకనులో 25వ వంతు, అంతకు మించదు. చీకట్లో ఆ గడువు చాలదు గనక, దొరికిన కాస్త వెలుతురునే కెమెరా బలవంతంగా పెంచి చూపిస్తుంది. దాంతోపాటు పెరిగేవే ఆ చుక్కలు. టైమ్‌లాప్స్‌లో నిమిషానికి ఒక్క ఫొటో చాలనుకుంటే, ఆ నిమిషంలో నాలుగు సెకన్లు షట్టరు తెరిచి ఉంచినా అడిగేవాళ్లు లేరు. సెకనులో 25వ వంతుకు నాలుగు సెకన్లు 100 రెట్లు. అదే ఫోను, అదే గది, అదే బల్బు. లోపలికి చేరే వెలుతురు మాత్రం 100 రెట్లు. మన దగ్గర వెలుతురు తక్కువ, రాత్రంతా సమయం ఉంది. ఉన్నదాన్ని ఖర్చుపెట్టి లేనిదాన్ని కొనుక్కుంటున్నాం.

షరతు ఒకటే: తీసే వస్తువు మెల్లగా కదలాలి. నాలుగు సెకన్లలో గట్టిగా కదిలేదేదైనా మసకబారుతుంది. కొన్నిచోట్ల ఆ మసక కూడా అందంగానే ఉంటుంది. కుట్టుపని తీస్తే చేతులు పొగలా కరిగిపోయి గుడ్డ మీద పువ్వు ఒక్కటే స్పష్టంగా పెరుగుతుంది. చేతులు కనిపించాలని పట్టుబడితే మాత్రం ఈ దారి మీకు పనికిరాదు, దీపాలు పెంచుకోవలసిందే.

ఈ విద్యకు ఆద్యుల్లో ఒకాయన మనలాగే ఆఫీసుకు పోయి వచ్చేవాడు. పెర్సీ స్మిత్ లండన్‌లో ప్రభుత్వ విద్యాశాఖలో గుమాస్తా. ఖాళీ సమయంలో ఈగల్నీ పురుగుల్నీ దగ్గరగా ఫొటోలు తీసేవాడు. అవి చూసిన చార్లెస్ అర్బన్ అనే సినిమా వ్యాపారి ఆయనను ఈ పనిలోకి లాగాడు. 1910లో విడుదలైన ‘ది బర్త్ ఆఫ్ ఎ ఫ్లవర్’ చిత్రంలో మొగ్గలు కళ్లెదుటే విచ్చుకోవడం చూసి జనం ఆశ్చర్యపోయారు. ఆ చిత్రీకరణకు కావలసిన పరికరాల్లో చాలావాటిని ఆయన ఇంట్లో దొరికిన సామానుతో సొంతంగా అమర్చుకున్నాడు. ఇవాళ మన ఫోనులో ఉన్న వసతులు ఆయనకు ఊహకు కూడా అంది ఉండవు. అయినా ఒక విషయంలో ఆయన మనకంటే ముందున్నాడు. సామానంతా ముందే అమర్చుకుని, మొదలయ్యాక దాన్ని దాని పనికి వదిలేయడం తెలిసినవాడు.

మనం ఎంచుకునే పువ్వు బ్రహ్మకమలం. 1931లో విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, తిత్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ రైలుమార్గం పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి మనవాళ్లు ఎంతోమంది ఇటు వచ్చింది ఆ దారినే. సెలవులకు ఊరెళ్లి వచ్చేటప్పుడు సంచిలో ఆవకాయ జాడీ, పక్కనే తడిగుడ్డలో చుట్టిన ఒక బ్రహ్మకమలం ఆకు కూడా ఎక్కుతుంటాయి. ఆ ఆకును మట్టిలో గుచ్చితే వేళ్లు తొడుగుతుంది. పూతకు రావడానికి రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి.

హిమాలయాల్లో పూసే బ్రహ్మకమలం, ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం, పూర్తిగా వేరే మొక్క. మన కుండీలో ఉన్నది మెక్సికో, మధ్య అమెరికా అడవుల నుంచి వచ్చిన కాక్టస్ జాతిది. అక్కడ చెట్ల కొమ్మల్ని ఆనుకుని నీడలో బతుకుతుంది. కాబట్టి రాయ్‌పూర్ మే నెల ఎండ దానికి నేరుగా తగలకూడదు. తూర్పు బాల్కనీ, మెట్ల కింద గూడు లాంటి నీడపట్టు దానికి మేలు. కెమెరాకు కూడా అదే మేలు, గాలి అక్కడ తక్కువ.

వానలు మొదలయ్యాక ఆకు అంచు నొక్కులోంచి చిన్న మొగ్గ వస్తుంది. దాదాపు మూడు వారాలు పెరుగుతూ కిందికి వేలాడుతుంది. తర్వాత మెడ వంచి పైకి లేస్తుంది. ఆ మెడ వంపు తిరిగిందంటే రోజులు దగ్గరపడ్డాయని లెక్క. పూచే రోజు సాయంత్రానికి మొగ్గ కొస ఉబ్బి, బయటి ఎర్రటి రెక్కలు వదులవుతాయి. చీకటి పడ్డాక విచ్చుకోవడం మొదలుపెట్టి పదకొండు, పన్నెండుకల్లా అరచేతికంటే పెద్దదవుతుంది. తెల్లవారేసరికి తల వాల్చేస్తుంది. విచ్చుకునే ఆట సుమారు నాలుగు గంటలు. తప్పిపోతే ఆ మొగ్గకు రెండో అవకాశం లేదు. అందుకే ఈ అధ్యాయంలో ఎక్కువ భాగం సాయంత్రం ఆరులోపు చేయవలసిన పనుల గురించే.

అన్నిటికంటే ముందు, కుండీని కదపకండి. మొగ్గ మీదున్న మొక్కను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చినా, వెలుతురు వచ్చే దిక్కు మార్చినా మొగ్గ రాలిపోయే ప్రమాదం ఉంది. ఫ్రేము బాగుంటుందని మొక్కను హాల్లోకి మోసుకురావడం, సోఫా పక్కన పెట్టడం చూస్తుంటాం. కెమెరానే మొక్క దగ్గరికి పోవాలి. వెనకాల బట్టల తీగ, గ్యాస్ సిలిండరు, పక్కింటి కిటికీ కనిపిస్తుంటే మొక్క వెనక నల్ల దుప్పటి కట్టండి. మొక్కకు తగలకుండా, జానెడు దూరంలో, అంచులు క్లిప్పులతో బిగించి.

కెమెరా నిలబెట్టేది ఎంత బరువుగా ఉంటే అంత మంచిది. ట్రైపాడ్ ఉంటే దాని నడుమ కొక్కేనికి నీళ్ల సీసా వేలాడదీయండి. లేకపోతే బియ్యం నింపిన స్టీలు డబ్బాలో ఫోను అడుగు గుచ్చి నిలబెట్టినా నాలుగు గంటలు కదలదు. వాషింగ్ మెషిన్ ఉన్న బాల్కనీ అయితే ఆ రాత్రికి దానికి సెలవు. పిల్లలు పరుగెత్తే దారిలో ట్రైపాడ్ కాలు ఉంటే పిల్లలకు చెప్పడం వృథా, కాలునే పక్కకు జరపండి.

ఫ్రేము విషయంలో కొత్తవాళ్లందరూ పడే గొయ్యి ఒకటుంది. సాయంత్రం మొగ్గ బొటనవేలంత లావు ఉంటుంది. దాన్ని తెర నిండా పట్టి మురిసిపోతారు. పదికల్లా పువ్వు ఫ్రేము దాటి నాలుగువైపులా బయటికి పోతుంది. మొగ్గ ఫ్రేములో మూడోవంతు మించకుండా చూసుకోండి. పువ్వు పక్కలకే కాక ముందుకీ వస్తుంది, మెడ ఇంకాస్త పైకి లేస్తుంది. కాబట్టి ముందువైపు, పైవైపు ఖాళీ ఎక్కువ ఉంచండి. సరిగ్గా ఎదురుగా కాకుండా కొంచెం పక్కనుంచి తీస్తే రెక్కలు విచ్చుకోవడమూ మెడ తిరగడమూ రెండూ దొరుకుతాయి.

ఇక దీపం. ఫ్లాష్ వద్దు, బాల్కనీ ట్యూబులైటు వద్దు. మూడు నుంచి ఐదు వాట్ల చిన్న ఎల్ఈడీ, పసుపు వెలుగుది, ఒక్కటి చాలు. దాన్ని నేరుగా పువ్వు మీదికి తిప్పకుండా తెల్లగోడ మీదికి తిప్పండి. గోడ లేకపోతే బల్బు ముందు పాత పంచె ఒక్క మడత వేలాడదీయండి. అప్పుడు రెక్కల మీద నీడలు మెత్తగా పడతాయి. పసుపు వెలుగు అనడానికి ఒక కారణం ఉంది. వానాకాలం రాత్రి తెల్లటి గట్టి దీపం వెలిగిస్తే ఉసుళ్లు దండుగా దిగుతాయి, ప్రతి ఫ్రేములో రెక్కల గీతలు మిగులుతాయి. పసుపు దీపానికి పురుగులు తక్కువ.

కరెంటు మీద నమ్మకం పెట్టుకోకండి. వాన పడుతుంటే సరఫరా పోవచ్చు. ఇన్వర్టరుకు మారే ఆ క్షణంలో దీపం ఆరి వెలుగుతుంది, తర్వాత వెలుగు తీరు కూడా కొంచెం మారొచ్చు. యూఎస్‌బీ బల్బును పవర్ బ్యాంకుకు తగిలిస్తే ఈ బాధ ఉండదు. అయితే కొన్ని పవర్ బ్యాంకులు చిన్న బల్బు ఒక్కటే లాగే కరెంటును గుర్తించక, ఏమీ తగిలించలేదనుకుని తమంతట తామే ఆగిపోతాయి. ముందురోజు రాత్రి గంటసేపు వెలిగించి చూడండి. ఫోనును ఇంకో పవర్ బ్యాంకుకు తగిలించండి. ఒకే దాన్ని రెండింటికీ వాడి పదకొండింటికి రెండూ ఆరిపోతే అడగడానికి పువ్వు ఉండదు.

ఉర్లా, సిల్తరా వైపు ఉండేవాళ్లకు ఒక అదనపు పని: ఫ్యాక్టరీల మసి బాల్కనీ రెయిలింగు మీద ఎలా పడుతుందో లెన్సు మీదా ఆకుల మీదా అలాగే పడుతుంది. మధ్యాహ్నమే తడిగుడ్డతో ఆకులు తుడవండి, మొగ్గ జోలికి పోకుండా. ఏసీ గదిలోంచి తీసిన కెమెరాను నేరుగా వానాకాలపు గాలిలోకి తెస్తే లెన్సు మీద చెమ్మ పట్టి పావుగంట దాకా పోదు. అరగంట ముందే బయట పెట్టేయండి.

ఇప్పుడు కెమెరా లోపలి సంగతులు. సూత్రం ఒక్కటి: కెమెరా తన బుద్ధితో నిర్ణయించేవేవీ మిగలకూడదు. ఎక్స్‌పోజర్, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ నాలుగూ మీరే బిగించాలి. ఏది ఆటోలో వదిలినా అది ప్రతి ఫ్రేముకూ మనసు మార్చుకుంటుంది. ఒక ఫొటోలో ఆ తేడా కంటికి ఆనదు. 25 ఫొటోలు ఒక్క సెకనులో పరిగెడితే వీడియో మినుకుమినుకుమంటుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే తెల్లరెక్కలు ఒకసారి నీలంగా, ఒకసారి పసుపుగా కనిపిస్తాయి.

ఫోకస్ ఈ నాలుగింటిలో మొండిది. చీకట్లో ఆటోఫోకస్ పట్టు దొరక్క ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. దీపం పూర్తిగా వెలిగించి, తెర మీద మొగ్గను పెద్దది చేసి చూసి, చేత్తో ఫోకస్ కుదర్చండి. మొగ్గ కొసకంటే వేలెడు ముందుకు కుదిర్చితే మంచిది, పువ్వు వచ్చేది అటే. తర్వాత లెన్సు రింగు మీద టేపు ముక్క అంటించండి. కెమెరా అయితే ఎఫ్ 5.6 దగ్గర పెట్టుకుంటే ముందుకు వచ్చిన రెక్కలు కూడా చాలావరకు స్పష్టంగా ఉంటాయి. వెలుతురు కోసం ఎఫ్ 1.8కి దిగాలనిపిస్తుంది. దిగొద్దు. వెలుతురు సమయంతో కొంటున్నామని మొదట్లోనే అనుకున్నాం.

మొదలుపెట్టడానికి ఎఫ్ 5.6, 4 సెకన్లు, ఐఎస్ఓ 800 ప్రయత్నించండి. ఫోనులో ఎపర్చరు మార్చే వీలు సాధారణంగా ఉండదు గనక ప్రో మోడ్‌లో 2 సెకన్లు, ఐఎస్ఓ 200 నుంచి చూసుకోండి. ఇవి ప్రారంభ అంకెలు మాత్రమే, మీ బల్బును బట్టి మారతాయి. వాటిని సరిచేసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. సాయంత్రం కనిపించేది ఎర్రబారిన, ముదురురంగు మొగ్గ. దానికి సరిపడా ఎక్స్‌పోజర్ పెడితే పదకొండింటికి విచ్చుకున్న తెల్లరెక్కలు సున్నం కొట్టిన గోడలా వెలిసిపోతాయి, ఒక్క ఈనె కూడా కనిపించదు. అందుకని మొగ్గ పక్కన రూళ్ల కాగితం పట్టుకుని ఒక ఫొటో తీయండి. కాగితం తెల్లగా ఉంటూనే రూళ్లు స్పష్టంగా కనిపించాలి. అంతకంటే వెలుగు ఎక్కువైతే తగ్గించండి. అప్పుడు మొదటి గంట ఫ్రేములు చీకటిగా అనిపిస్తాయి. అనిపించనివ్వండి. మనం లెక్క కట్టేది రాత్రి పదకొండింటి పువ్వుకు.

దీర్ఘ ఎక్స్‌పోజర్‌లో ఇంకో లాభం కూడా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు ఎక్కువతక్కువలవుతాయి. చిన్న షట్టరుతో తీస్తే ఆ మిణుకు కొన్ని ఫ్రేముల్లో చిక్కుతుంది. రెండు మూడు సెకన్లు తెరిచి ఉంచితే వందల మిణుకులు కలిసి సగటైపోతాయి. పక్క వీధి దీపం నుంచి వచ్చే వెలుగుకు కూడా ఇదే వర్తిస్తుంది.

కెమెరా వాడేవాళ్లు రెండు మీటల్ని తప్పక ఆపాలి. ఒకటి, దీర్ఘ ఎక్స్‌పోజర్ నాయిస్ తగ్గింపు. అది ఆన్‌లో ఉంటే 4 సెకన్ల ఫొటో తర్వాత కెమెరా ఇంకో 4 సెకన్లు షట్టరు మూసుకుని చీకటి బొమ్మ ఒకటి తీసుకుంటుంది. రెండు ఫొటోల మధ్య వ్యవధి దగ్గరగా పెట్టుకున్నవాళ్లకు ఫ్రేములు ఎగిరిపోతాయి. రెండోది, చెయ్యి వణుకు సర్దే స్టెబిలైజేషన్. ట్రైపాడ్ మీద అది లేని వణుకును సర్దబోయి తానే ఫ్రేమును జరుపుతుంది. ఫోనులో అయితే ఫ్లైట్ మోడ్ వేయండి. తొమ్మిదిన్నరకు బావగారి ఫోను వస్తే కొన్ని యాప్‌లు ఫొటోలు తీయడం అక్కడితో ఆపేస్తాయి. తెర వెలుతురు కనిష్ఠానికి తగ్గించండి, లేకపోతే అది ఆకుల మీద నీలంగా మెరుస్తుంది.

వ్యవధి లెక్క చేత్తోనే వేసుకోవచ్చు. పది సెకన్ల క్లిప్పు కావాలంటే 250 ఫ్రేములు. నాలుగు గంటలంటే 14,400 సెకన్లు. భాగిస్తే దాదాపు 58, అంటే నిమిషానికొకటి. పది సెకన్లు మరీ హడావిడిగా అనిపిస్తే 20 సెకన్ల క్లిప్పుకు అరనిమిషానికొకటి తీయండి. నా ఓటు అరనిమిషానికే. ఎక్కువైన ఫ్రేముల్ని తర్వాత తీసేయొచ్చు, తీయని ఫ్రేముల్ని పుట్టించలేం. వ్యవధి ఎప్పుడూ ఎక్స్‌పోజర్ కంటే, ఫొటో కార్డులో రాసుకునే సమయం కంటే ఎక్కువ ఉండాలి. ఫోనుల్లో టైమ్‌లాప్స్ అని ఉన్న తయారు మీట వాడొచ్చు కానీ వాటిలో చాలావరకు వ్యవధీ ఎక్స్‌పోజరూ మన చేతిలో ఉండవు. ఐఫోన్ 12 నుంచి ట్రైపాడ్ మీద పెడితే నైట్ మోడ్ టైమ్‌లాప్స్ ఉంది, చీకటికి అది నయం. ఆండ్రాయిడ్‌లో ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్‌లో వ్యవధి పెట్టి ఫొటోలు వరుసగా తీయించే వీలుంది. ఆ దారి కాస్త కష్టం, ఫలితం బాగుంటుంది.

ఇంత సర్దాక అసలు చిక్కు మనుషులతో. బ్రహ్మకమలం పూస్తోందని తెలిస్తే అపార్ట్‌మెంటు ఆగదు. ఎదురింటి భాభీజీ అగరబత్తి తెస్తుంది. పై అంతస్తు పిన్నిగారు హారతి పళ్లెంతో వస్తారు. పిల్లలు ఫోనుల్లో ఫ్లాష్ వేసుకుని దిగుతారు. "ఎవరూ రావద్దు, షూటింగ్ జరుగుతోంది" అని తలుపు మూసుకునేవాళ్లను చూస్తే నాకు ఆ పువ్వు మీద జాలేస్తుంది. దాన్ని పెంచిందే నలుగురూ చూడాలని. రెండు మొగ్గలు ఒకే రాత్రి విచ్చుకుంటే పని సులువు: ఒకటి కెమెరాకు, రెండోది దండాలకు, మధ్యలో నల్ల దుప్పటి. ఒక్కటే ఉంటే పదకొండు గంటలకు రమ్మని ముందే పిలవండి. విచ్చుకోవడమంతా అప్పటికి రికార్డయి ఉంటుంది. హారతి వెలుగు పడిన నాలుగైదు ఫ్రేములు బంగారు రంగులోకి పోతాయి. వాటిని తీసేయకండి, క్లిప్పులో బాగుంటాయి. ఫ్లాష్ పడిన ఫ్రేముల్ని మాత్రం తీసేయండి.

ఇలా బిగించాక మీకు చేయడానికి ఏమీ ఉండకూడదు. ఈ పుస్తకంలో ఈ పనికి ఒక అధ్యాయం ఇవ్వడానికి కారణం అదే. హాబీని రికార్డు చేయడం మొదలుపెట్టిన చాలామందికి కొన్నాళ్లకు రికార్డు చేయడమే మిగిలి హాబీ పోతుంది. ఆఫీసు నుంచి వచ్చి రాత్రంతా తెర వంక చూస్తూ, ఐఎస్ఓ ఒక మెట్టు పెంచనా తగ్గించనా అని నలిగిపోతే అది రెండో ఉద్యోగం, జీతం కూడా లేదు. మధ్యలో మీట ముట్టుకుంటే కెమెరా కదులుతుంది, వెలుగు మెట్టు దూకుతుంది, ఫుటేజీ కూడా పాడవుతుంది. మంచి టైమ్‌లాప్స్‌కు కావలసిందీ మీకు కావలసిందీ ఇక్కడ ఒకటే. మొదటి ఐదు ఫ్రేములు చూసుకోండి. గంట తర్వాత ఒక్కసారి, దూరం నుంచి, కెమెరా నడుస్తోందో లేదో చూడండి. మిగతా సమయం కుర్చీ వేసుకుని పువ్వు దగ్గర కూర్చోండి. వాసన కెమెరాకు ఎలాగూ ఎక్కదు.

ఇదే పద్ధతి ధనుర్మాసం ముగ్గుకు కొంచెం మారుతుంది. పువ్వుకు రాత్రంతా వెలుగు ఒకటే. ముగ్గు చీకట్లో మొదలై తెల్లవారాక ముగుస్తుంది. మన దేశ కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం, మనం చిన్నప్పుడు కాకినాడ పేరుతో బట్టీపట్టినది, రాయ్‌పూర్‌కు కాస్త తూర్పున పోతుంది. జనవరి మొదట్లో ఇక్కడ సూర్యోదయం ఆరూ నలభై దాటాకే. ఆకాశం తెల్లబడటం ఐదున్నర నుంచి మొదలై, ఆరుంబావు తర్వాత వెలుతురు నిమిషనిమిషానికీ ఎగబాకుతుంది. పైన చెప్పినట్టు అన్నీ బిగించి కూర్చుంటే ఆరున్నరకు ఫ్రేములన్నీ తెల్లకాగితాలు.

దీనికి ఖరీదైన మార్గాలున్నాయి. ఎల్ఆర్‌టైమ్‌లాప్స్ లాంటి సాఫ్ట్‌వేర్ ఈ చీకటి వెలుగుల మార్పును సర్దిపెట్టడానికే పుట్టింది. మొదటిసారికి నేను చెప్పేది మరీ సాదా మార్గం: ఐదింటికి మొదలుపెట్టి ఆరుంబావులోపు ముగించండి, లేదా చీకటి భాగం ఒక క్లిప్పు, రంగులు నింపే భాగం వేరే సెట్టింగులతో ఇంకో క్లిప్పు తీసి కలపండి. రెండోదానికి ముందు కాఫీ తాగొచ్చు. తెల్లవారుతూనే ఆరిపోయే వీధిదీపం ఎన్నింటికి ఆరుతుందో ముందురోజు చూసి పెట్టుకోండి. సరిగ్గా ఆ క్షణం క్లిప్పు మధ్యలో పడకూడదు.

ముగ్గుకు వ్యవధి తక్కువ కావాలి. ముప్పావు గంట పనిని 15 సెకన్లకు కుదించాలంటే 375 ఫ్రేములు, ఏడు సెకన్లకొకటి. ఎక్స్‌పోజర్ రెండు సెకన్లు పెట్టండి. వేసే మనిషి కదులుతూ ఉంటుంది గనక నీడలా పలచబడుతుంది, నేల మీద చుక్కలూ గీతలూ మాత్రం తమంతట తాము పుట్టుకొస్తాయి. పై అంతస్తు బాల్కనీ నుంచి కిందికి తీస్తే మొత్తం ముగ్గు పడుతుంది. ఫోనుకు తాడు కట్టడం మరచిపోకండి, కింద ఉండేది అమ్మో అత్తో. కళ్లాపి చల్లిన మట్టి నేల ముదురుగా ఉండి ముగ్గుపిండి బాగా మెరుస్తుంది. టైల్సు వేసిన వాకిలి అయితే నీళ్లు చల్లి తడిగా ఉంచితే తప్ప తేడా తెలియదు. ఇక్కడ కూడా ఎక్స్‌పోజర్ లెక్క నేలను చూసి వేయొద్దు, పిండిని చూసి వేయండి.

ఫ్రేములు చేతికొచ్చాక వాటిని వీడియోగా కలపడం పెద్ద పని కాదు. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో ఫొటోల ఫోల్డరును వరుస బొమ్మలుగా తెరిచి సెకనుకు 25 పెడితే క్లిప్పు తయారు. అన్నీ బిగించినా సన్నగా మిణుకు కనిపిస్తే అది చాలావరకు లెన్సుదే. ఫ్రేము ఫ్రేముకూ ఎపర్చరు రెక్కలు అణువంత తేడాతో మూసుకుంటాయి. ఎపర్చరును చేత్తో తిప్పే పాత లెన్సు ఎవరి దగ్గరైనా ఉంటే అరువు తెచ్చుకోండి, ఆ గొడవే ఉండదు. ఫొటోలు రా ఫైళ్లుగా తీస్తే చీకటి మూలల్ని తర్వాత తేల్చుకోవచ్చు. ఒక్కోటి 25 ఎంబీ అనుకున్నా 500 ఫ్రేములకు 12 జీబీ పైన అవుతుంది, కార్డు ఖాళీ చేసుకుని మొదలుపెట్టండి. అసలు ఫొటోల్ని కనీసం ఏడాదిపాటు ఉంచుకోండి. వచ్చే వానాకాలానికి మీ కన్ను మారుతుంది, అవే ఫ్రేములతో ఇంకాస్త మంచి క్లిప్పు కడతారు.

రంగులు దిద్దేటప్పుడు చీకటిని పూర్తిగా తొలగించాలని చూడకండి. నీడల్ని లాగి లాగి పగలు చేస్తే చుక్కలన్నీ మళ్లీ పైకి తేలతాయి. రాత్రి పూసిన పువ్వు రాత్రిలాగే కనిపించాలి.

చివరగా, అక్కకు పంపడం. వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపితే అది పరిమాణం తగ్గించడానికి మొదట నొక్కేది చీకటి భాగాల్నే. నల్ల దుప్పటి స్థానంలో చదరాలు చదరాలుగా గళ్లు తేలతాయి. అక్క ఫోనులో చూసి "ఏంటే, అంతా గళ్లు గళ్లుగా ఉంది" అంటుంది. అటాచ్ గుర్తు నొక్కి, డాక్యుమెంటు ఎంచుకుని పంపండి. దిగడానికి కాస్త ఎక్కువసేపు పడుతుందని ముందే చెప్పండి, వైఫై ఉన్నప్పుడు చూడమనండి.